సంఘపు గడప

ఇంటికి గడప యున్నట్లే ప్రతి సంఘమునకును గడప యుండును. మన పల్లెలలో గడపను కాలితో త్రొక్కరు. దాటి లోనికి వత్తురు. గడప లేని యింట పురుగు పుట్ర చేరును, వాననీరు చేరును. కావున గడప యుండుట తప్పు కాదు. అయితే ఆ గడప వాననీటిని ఆపుటకు వేసినదా, వానలో తడిసి వచ్చిన పొరుగువానిని ఆపుటకు వేసినదా అనునది వేరు ప్రశ్న. ఈ నెల ఆ ప్రశ్నను చరిత్ర వెలుగులో చదువరుల ముందుంచుచున్నాము.

హైదరాబాదునుండి విజయవాడకు పోవు పెద్ద బాటమీద చౌటుప్పల్ ఉన్నది. మునుపు అది నల్లగొండ జిల్లాలోనిది. 2016 అక్టోబరు నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఈ చుట్టుపట్ల ఏ సంఘములోను చేరని మనిషిని వెదకుట కష్టము. నేతవారికి సహకార సంఘము, గీతవారికి ఒక సంఘము, గొర్రెల కాపరులకు ఒక సంఘము, స్త్రీలకు పొదుపు సంఘములు, పడుచువారికి యువజన సంఘము, ప్రతి కులమునకు ఒక కుల సంఘము. ఆదివారము ప్రార్థనకు కూడు సంఘము సరే సరి. ప్రతి సంఘమునకును ఒక పేర్ల పట్టీ, ఒక రుసుము, ఒక పెద్ద, కొన్ని కట్టుబాట్లు ఉండును. ఆ కట్టుబాట్లలో మొదటిది ఎప్పుడును ఒకటే: ఎవరు లోనికి రావచ్చును, ఎవరు రారాదు?

ఈ కట్టుబాటు ఎందులకని అడిగినచో తరచుగా వచ్చు జవాబు, "అది మా సంప్రదాయము" అని. మంచిది. సంప్రదాయమను మాటకు మూలార్థము తెలిసికొనుట మేలు. ఒకరు మరియొకరి చేతికి చక్కగా అప్పగించినది ఏదో అదే సంప్రదాయము. అనగా ఆ మాటలోనే ఇచ్చుట యున్నది. మూసిన పిడికిలి దేనిని ఇయ్యగలదు? తలుపు మూసి సంప్రదాయమును కాపాడుచున్నామని తలంచువారు తరచుగా దానిని పోగొట్టుకొనిరని, ఇతరుల చేతికి అప్పగించినవారే దానిని నిలుపుకొనిరని చరిత్ర చూపుచున్నది.

మొదట ఒక భేదము గుర్తించవలెను. సంఘమున చేరువానిని రెండు విధములుగా ప్రశ్నింపవచ్చును. "నీవు ఏమి చేయుదువు? ఈ పని నేర్తువా? ఈ నియమము పాటింతువా?" అని అడుగుట ఒక విధము. "నీవు ఎవరికి పుట్టితివి?" అని అడుగుట రెండవ విధము. మొదటి ప్రశ్నకు మనిషి తన బ్రతుకుతో జవాబు చెప్పగలడు. రెండవదానికి ఎంత కష్టపడినను జవాబు మార్చుకొనలేడు. ఈ భేదమును చేతపట్టుకొని ముందుకు సాగుదము.

పూర్వపు వృత్తి సంఘములు

తెలుగుదేశములో వృత్తి సంఘములు నిన్న మొన్న పుట్టినవి కావు. తూర్పు చాళుక్యుల కాలపు శాసనములలో తెలికి వేవురు అను నూనెగానుగవారి సంఘము పేరు కనబడును. వేవురనగా వేయిమంది, పేరులోనే వారి బలము వినబడుచున్నది. దక్షిణాపథమంతట తిరిగిన వర్తకులు అయ్యావళి ఐదునూరుమంది అను పేరుతో కట్టుగా నుండిరి. కాకతీయుల కాలపు శాసనములలో అష్టాదశ ప్రజలను మాటయు వచ్చును.

ఆ సంఘములు వ్యర్థముగా పుట్టలేదు. దారులలో దొంగల భయముండెను. ఒంటరి వర్తకునికి దిక్కు లేదు. సరకునకు తూకము, వెల నిర్ణయించువారు కావలెను. చేతిపని చెడగొట్టి అందరి పేరు పాడుచేయువానిని మందలించువారు కావలెను. ఈ అవసరములు తీర్చుటకు కట్టుబాట్లు పెట్టుకొనిరి. అవి న్యాయమైనవే. కాని కాలక్రమమున పనికి పెట్టుకొన్న కట్టు పుట్టుకకు కట్టుగా మారెను. కట్టు తప్పినవానికి తప్పు వేయుటతో ఆగక, వెలి వేయుట వచ్చెను. వెలి పడిన యింటికి నిప్పు నీళ్లు పుట్టనీయరు. వారి పెండ్లికి పోరు, వారి పాడె మోయరు. ఈ మాట మన సీమలో పెద్దలకు విడమరచి చెప్పనక్కరలేదు.

అదే కాలములో గడపను తగ్గించిన రాజును కూడ చూతము. సముద్రములో గాలివానకు ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకును తీరపు రాజులు స్వాధీనపరచుకొనుట అప్పటి ఆచారము. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయ శాసనము వేయించి, దేశాంతరములనుండి వచ్చు వర్తకుల సొమ్ము ముట్టననియు, నిర్ణయించిన సుంకము మాత్రమే పుచ్చుకొందుననియు మాట యిచ్చెను. ఎరుగనివానికి అభయమిచ్చిన ఆ రాజు ఏలుబడిలో మోటుపల్లి పేరుగల రేవై వర్ధిల్లెను.

రాతిపనివారి లాడ్జి

ఇప్పుడు సముద్రము దాటి, లోకములోని సోదర సంఘములన్నిటిలో మిక్కిలి పేరుపొందిన దాని కథ చూతము. అది ఫ్రీమేసన్ల సంఘము. మేసను అనగా రాతిపని మేస్త్రీ. ఐరోపా దేశములలో పెద్ద దేవాలయములు కట్టునప్పుడు రాళ్లు చెక్కువారు పని జరుగు తావున ఒక పాక వేసికొని అందులో కూడుచుండిరి. ఆ పాక పేరే లాడ్జి. ఒకచోట పని ముగిసిన తరువాత మరియొక ఊరికి పోవలసినవారు గనుక, క్రొత్త ఊరిలో తాము పని నేర్చినవారమని తెలుపుకొనుటకు గుర్తు కావలసి వచ్చెను. స్కాట్లండు దేశపు మేస్త్రీలకు అట్టి రహస్యపు మాట ఒకటి యుండెను. అది పనినిబట్టి పెట్టిన గడప. రాయి చెక్కనేర్చినవాడు దాటును, నేర్వనివాడు నిలుచును.

తరువాత రాయి ముట్టని పెద్దమనుష్యులు కూడ ఆ లాడ్జీలలో చేరిరి. 1717లో లండనులో నాలుగు లాడ్జీలు కలిసి ఒక గ్రాండు లాడ్జి ఏర్పరచుకొనినట్లు ఆ సంఘమువారు చెప్పుకొందురు. 1723లో అండర్సను అను బోధకుడు వారి నియమములను పుస్తకముగా కూర్చెను. చేరువాడు మంచి నడత గలవాడై యుండవలెను, వయస్సు వచ్చినవాడై యుండవలెను, దాసుడు కాక స్వతంత్రుడుగా పుట్టినవాడై యుండవలెను, స్త్రీ కాకూడదు. ఈ నియమములలో రెండు నడతను, వయస్సును అడుగుచున్నవి. మిగిలిన రెండు పుట్టుకను అడుగుచున్నవి. ఒకే పుస్తకములో రెండు విధముల గడపలును చేరెను.

ఇక జరిగినదేమో చూడుడు. అమెరికాలోని బోస్టను పట్టణములో ప్రిన్స్ హాల్ అను నల్లజాతి పెద్ద యుండెను. 1775లో అతడును మరి పదునలుగురు నల్లవారును, అక్కడ దిగియున్న ఒక ఐరిష్ సేనా పటాలపు లాడ్జిలో చేర్చుకొనబడిరి. అయితే ఆ దేశపు తెల్లవారి లాడ్జీలు వారిని సోదరులుగా ఎంచలేదు. ప్రిన్స్ హాల్ నేరుగా లండనుకు వ్రాసికొని, 1784లో తన లాడ్జికి అధికార పత్రము పొందెను. ఆ పత్రము చేతికి వచ్చుసరికి 1787 అయ్యెను. దానినుండి నల్లవారి లాడ్జీలు వేరు కొమ్మగా పెరిగెను. ఒకే ప్రమాణము, ఒకే ఆచారము, ఒకే పేరు గలిగిన రెండు సోదర సంఘములు ఒకే ఊరిలో ఒకదాని ముఖము ఒకటి చూడక రెండు వందల యేండ్లు గడపెను. ఇంగ్లండు గ్రాండు లాడ్జి ఆ కొమ్మలోని మాసచూసెట్సు లాడ్జిని తిరిగి సోదరముగా గుర్తించినది 1994లో మాత్రమే.

దాసత్వపు మాట ఏమాయెను? బ్రిటిషు ఏలుబడిలోని వెస్టిండీసు దీవులలో దాసులు విడుదలైన తరువాత ఒక చిక్కు వచ్చెను. ఇప్పుడు స్వతంత్రుడే గాని పుట్టినప్పుడు దాసుడు, అట్టివానిని చేర్చుకొనవచ్చునా? 1847లో లండనువారు "స్వతంత్రుడుగా పుట్టినవాడు" అను మాటను తీసివేసి "స్వతంత్రుడు" అని మాత్రము ఉంచిరి. ఒక్క మాట తగ్గెను. సంఘము కూలిపోలేదు. ఆచారములు మాసిపోలేదు. పుట్టుకను అడుగుట మానినంత మాత్రమున ఏ సంప్రదాయమును చెడలేదు.

మన దేశములో ఆ సంఘము నడిచిన తీరు ఇంకను బుద్ధి చెప్పునట్టిది. ఆర్కాటు నవాబు కుమారుడైన ఉమ్దతుల్ ఉమ్రా 1775 ప్రాంతమున తిరుచినాపల్లిలోనే చేర్చుకొనబడెను. బొంబాయిలో మానెక్‌జీ కర్సెట్‌జీ అను పార్సీ పెద్దమనిషికి తన దేశములో తలుపు తెరువబడక, 1842లో పారిసు నగరమున ప్రవేశము దొరికెను. మరుసటి సంవత్సరము జేమ్స్ బర్న్స్ అను వైద్యుడు బొంబాయిలో ఈ దేశస్థులను చేర్చుకొను లాడ్జిని ప్రారంభించి దానికి ఉదయతార అని అర్థమిచ్చు పేరు పెట్టెను. కలకత్తాలో ప్రసన్నకుమార దత్తు అను హిందువు 1863లో దరఖాస్తు పెట్టుకొనెను. హిందువు ఒక్క దేవుని ఎదుట ప్రమాణము చేయగలడా అని వాదించిరి. తొమ్మిదేండ్లు వాదించి 1872లో చేర్చుకొనిరి. నవాబు కుమారునికి సులువుగా దిగిన గడప సామాన్య గృహస్థునికి దిగుటకు సుమారు నూరేండ్లు పట్టెను. బంగారపు ఉంగరము పెట్టుకొని వచ్చినవానిని మంచి స్థలమున కూర్చుండబెట్టి బీదవానిని నిలువబెట్టు కూటమునుగూర్చి యాకోబు తన పత్రికలో హెచ్చరించిన సంగతి చదువరులకు జ్ఞాపకము వచ్చును.

మన హైదరాబాదులో గోషామహల్ బారాదరి యున్నది. కుతుబ్‌షాహీల చివరి కాలపు కట్టడము. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమునుండి అది ఫ్రీమేసన్ల కూటములకు స్థలమైనది. 1961 నవంబరు 24న ఢిల్లీలో హిందూదేశపు గ్రాండు లాడ్జి వేరుగా స్థాపింపబడినప్పుడు దానికి మొదటి పెద్దగా కూర్చున్నవాడు రాంపూరు నవాబు. ఒకప్పుడు ఈ దేశస్థులను తలుపు బయట నిలువబెట్టిన సంఘము, ఈ దేశస్థుల చేతిలోనే ఈ దేశమున నిలిచియున్నది. నాడు లోనికి రానీయని చేతులే నేడు దాని సంప్రదాయమును మోయుచున్నవి.

తెలుగు సంఘముల కథ

సోదర సంఘమునకు బయట నిలిచినవారు ఏమి చేయుదురు? తమకొక సంఘము కట్టుకొందురు. ప్రిన్స్ హాల్ బోస్టనులో చేసినదే మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ చేసెను. 1888లో పుట్టిన మాదరి భాగయ్యయే తరువాత ఆ పేరు పొందెను. అంటరానివారని త్రోసివేయబడిన తన జనులకొరకు 1906లో జగన్మిత్ర మండలిని, 1911లో మన్య సంఘమును స్థాపించెను; బడులు పెట్టించెను; త్రాగుడును, దేవదాసీ దురాచారమును ఎదిరించెను. త్రోయబడినవారు కట్టుకొన్న సంఘమునకును గోడ యుండును. కాని చలికి వణకువాడు కట్టుకొన్న గోడకును, వెచ్చగా కూర్చుండినవాడు ఇతరులు రాకుండ కట్టిన గోడకును భేదమున్నది. మొదటిది ఆశ్రయము, రెండవది ఆటంకము. స్త్రీల పొదుపు సంఘములో స్త్రీలే యుందురని ఎవరును తప్పు పట్టరు. ఏలయనగా ఆ గడప బలహీనులు నిలువబడుటకు వేసినది.

1921 నవంబరులో హైదరాబాదున జరిగిన ఒక సంఘ సంస్కార సభలో అలంపల్లి వెంకటరామారావు అను వకీలు తెలుగున మాటలాడుటకు లేవగా సభలో ఎగతాళి చేసిరి. ఆ అవమానమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావు దానికి చేయూత. మొదట అది పట్టణములో చదువుకొన్న కొద్దిమంది తెలుగువారి కూటము. తమ భాషకు గౌరవము లేదని నొచ్చుకొని వారు కట్టుకొన్న ఆశ్రయమది. గ్రంథాలయములు, పాఠశాలలు, శాసనముల పరిశోధన వారి పనులు; అవి మంచి పనులే.

ఆ ఆశ్రయమునకు పరీక్ష రాక తప్పలేదు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగెను. పాలమూరు సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. అక్కడనే స్త్రీల మహాసభ కూడ నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన జరిగెను. అందులో భాగ్యరెడ్డి వర్మయు పాల్గొనెను; ఆయన వేదికమీద మాటలాడుటకు ఆక్షేపణ తెలిపిన పూర్వాచారపరులును ఆ సభలో ఉండిరి. తన భాష మాటలాడనీయలేదని నొచ్చుకొన్నవారి సభలోనే మరియొకని నోరు మూయింపగోరినవారు కనబడిరి. చూచితిరా, మనుష్యుని హృదయము! తన గాయము మానకముందే ఎదుటివానికి గాయము చేయగలదు.

ఇంకొక పదునాలుగేండ్లకు, 1944లో, చౌటుప్పలుకు దగ్గరలోని భువనగిరిలో పదకొండవ మహాసభ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగెను. అప్పటికి సభ్యత్వపు రుసుము తగ్గెను; పల్లె రైతులు, కూలీలు, వెట్టి చేయువారు వేలకొలదిగా వచ్చి చేరిరి. పట్టణపు కూటము పల్లెవారి నోట ఉత్త "సంగం" అయ్యెను. గడప తగ్గించుటకు వెల కూడ చెల్లింపవలసి వచ్చెను. పాత సభ్యులలో కొందరు వేరైపోయిరి. సభ రెండుగా చీలెను. తరువాతి సంవత్సరములలో ఆ సంఘము నడిచిన దారినిగూర్చి, అందులో జరిగిన రక్తపాతమునుగూర్చి నేటికిని భిన్నాభిప్రాయములున్నవి. వాటిలోనికి మనము పోము. ఒక్క సంగతి మాత్రము కాదనరానిది. తెలుగు మాటకు గౌరవము కావలెనని పుట్టిన కోరిక, తెలుగు తప్ప వేరు మాట ఎరుగని పల్లె జనము చేరినప్పుడే దేశపు కోరిక అయ్యెను.

ఒంగోలున జరిగినది

ఇప్పుడు మన స్వంత గడప యొద్దకు వత్తము. 1866లో అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురము పెట్టెను. ఆ సంవత్సరమే యర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద బాప్తిస్మము పొందెను. తోళ్ల వ్యాపారముమీద ఊరూరు తిరుగువాడు గనుక అతని సాక్ష్యము ఊరూరు పోయెను. అదే కాలమున ఒంగోలు పట్టణపు పై కులములవారు కొందరు క్లౌ దొరవద్దకు వచ్చుచు, తమ పిల్లలను బడికి పంపుచు, ఆసక్తితో వినుచుండిరి. మాదిగవారిని చేర్చుకొన్నచో తాము రాజాలమని వారు తెలిపిరి.

దొరగారు చిక్కున పడిరి. పై కులములవారు చేరినచో పేరు, బలము, ధనము అన్నియు వచ్చునట్లుండెను. ఆయన తన గదిలోనికి పోయి వేదమును తెరువగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, దేవుడు లోకములో నీచులైనవారిని ఏర్పరచుకొన్న సంగతి చెప్పు వచనములు కనబడెను. వేరొక గదిలో ఆయన భార్యయు అవే వచనములు తెరచి చదువుచుండెనని తరువాత తెలిసెను. ఈ సంగతి ఆయనయే తన జీవిత వృత్తాంతములో చెప్పియున్నారు. వారు గడప దించిరి. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను.

అయితే ఆ సంఘమునకు గడప లేదని తలంపవలదు. చేరువారికి మూడు నియమములు పెట్టిరి: ఆదివారము పని మానవలెను, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. ఊరి కామందుల వెట్టికి లోబడిన జనులకు ఆదివారము పని మానుట చిన్న సంగతి కాదు. దెబ్బలు తినవలసి వచ్చెను, నీళ్లబావి మూయబడెను. అయినను ఆ గడప ఎవడైనను తన బ్రతుకుతో దాటదగిన గడప. పుట్టుకను అడుగలేదు, నడతను అడిగెను.

1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. క్లౌ దొర బకింగుహాము కాలువలో కొంత భాగపు త్రవ్వకము గుత్తకు తీసికొని వేలమందికి పని చూపెను. జనులు గుంపులుగా బాప్తిస్మము కోరిరి. ఆయన ఇయ్యలేదు. కూటికొరకు వచ్చుచున్నారేమో యని, సహాయము జరుగుచున్నంత కాలము బాప్తిస్మములు ఆపి, అది ముగిసిన తరువాతనే తలుపు తెరచెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ తలుపు తెరచుటలోను మూయుటలోను ఒకే ప్రశ్న యుండెను: ఈ మనిషి దేనికొరకు వచ్చుచున్నాడు? ఎవరి కొడుకని కాదు.

ఇంతవరకు చెప్పి ఆగినచో సత్యమును సగము చెప్పినవారమగుదుము. ఒంగోలు సీమలో మాదిగవారును, మరి కొన్ని మిషనుల సీమలలో మాలవారును ముందుగా చేరుటచేత, తరువాత కాలమున మిషను పేరు చెప్పగానే కులము పోల్చుకొను స్థితి వచ్చెను. బావియొద్ద త్రోయబడినవారే ఒకరినొకరు పెండ్లి పందిటిలో త్రోసికొనిరి. కొన్ని ఊళ్లలో ఒకే ప్రభువు పేర రెండు ప్రార్థన మందిరములు, రెండు సమాధి తోటలు నేటికిని ఉన్నవి. పెద్దల నడిగినచో, "మా తాతల నాటినుండి ఇట్లే" అందురు. ఇది తాతలు ఇచ్చిన సంప్రదాయము కాదు. తాతలు విడువలేకపోయిన అలవాటు.

మగ్గపు గుంట ప్రక్కన

చివరగా చౌటుప్పల్ చుట్టుపట్ల జరుగు పనిని చూతము. చౌటుప్పల్ మండలములోని కొయ్యలగూడెము, పొరుగుననున్న పోచంపల్లి, పుట్టపాక గ్రామములు చిటికి కట్టి రంగులద్ది నేసిన బట్టలకు లోకమంతట పేరుపొందినవి. ఈ విద్య ఈ సీమలో పుట్టినది కాదు. గత శతాబ్దపు మొదటి భాగమున చీరాలనుండి వచ్చినది. నూనెలో నానిన నూలుతో నేయు తేలియా రుమాలు చీరాలకు పేరు తెచ్చినది. అక్కడ అది చాలవరకు అంతరించెను. పుట్టపాకలో నిలిచెను. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దొరికినప్పుడు ఆ గౌరవము పుట్టపాక మగ్గములకు వచ్చెను. చేతినుండి చేతికి ఇయ్యబడినందువలననే ఆ విద్య బ్రదికెను. సంప్రదాయమనగా ఇచ్చుట యని మొదట చెప్పిన మాటకు ఇంతకంటె మంచి సాక్ష్యము మనకు దూరమున దొరకదు.

నేతవారి సహకార సంఘముల తల్లి ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణము. అక్కడ 28 మంది శ్రామికులు, వారిలో పలువురు నేతగాండ్రు, తలకొక పౌను కూర్చి 1844 డిసెంబరు 21న పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు అమ్ము చిన్న అంగడి తెరచిరి. ఎన్ని వాటాలున్నను మనిషికి ఒక్క ఓటే. నీ మతమేది, నీ పక్షమేది అని అడుగరు. స్త్రీలు కూడ సభ్యులు కావచ్చును. మన దేశములో 1904లో సహకార చట్టము వచ్చెను. 1995లో సర్వలోక సహకార సమితి తన నియమములను తిరిగి వ్రాసినప్పుడు మొదటి నియమముగా పెట్టినది సభ్యత్వపు తలుపు అందరికి తెరచియుండవలెననియే.

అయినను మన యిండ్లలో చూడుడు. పోచంపల్లి చీరకు ముందుగా ఆసు పోయవలెను. కొయ్యకును మేకులకును నడుమ దారమును చేయి చాచి మరల మరల చుట్టుచు, ఒక్క చీరకు వేలకొలది పర్యాయములు చేయి ఎత్తి దింపవలెను. ఆ పని తల్లులదే, భార్యలదే. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి భుజముల నొప్పి చూడలేక ఏండ్ల తరబడి పాటుపడి 1999లో ఆసు యంత్రమును చేసి దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ బిరుదము వచ్చెను. 2019-20 సంవత్సరపు చేనేత లెక్కల ప్రకారము దేశమందు 35 లక్షలకు పైగా చేనేత పనివారుండగా వారిలో నూటికి 72 మంది స్త్రీలు. కాని మగ్గముమీద కూర్చుండినవాడే నేతగాడు, ప్రక్కన కూర్చుండినది సాయము చేయునది అను అలవాటు పోలేదు. చాల సంఘముల పట్టీలలో ఇంటికి మగవాని పేరే ఎక్కును. ఆయన చనిపోయిన మరునాడు ఆమె ఎవరు? నలుబదేండ్లు ఆసు పోసిన చేతులు సంఘపు పుస్తకములో ఏ పేజీలోను లేవు. అప్పు, నూలు, బీమా అన్నియు పేరునుబట్టి వచ్చునవి. పేరు లేనిచోట ఏదియు రాదు.

ఇంకొక సంగతి. మగ్గములు గల ఇండ్ల పిల్లలు నేడు చదువులకు, కంపెనీ పనులకు పోవుచున్నారు. అది తప్పు కాదు. అయితే మగ్గము నేర్వవలెనని వేరొక యింటి పిల్లవాడు వచ్చి గుంట యొద్ద నిలిచినచో, "నీవు మా వాడవు కావు" అని పంపివేయుదుమా? చీరాలవారు ఆనాడు అట్లు పంపివేసియుండినచో పుట్టపాకకు ఆ రుమాలు ఎక్కడిది?

మనము చేయదగినది

ఈ చరిత్ర చదివి గోషామహల్‌ను, బోస్టనును నిందించి ఊరకుండుట సులువు. మన పట్టీని తెరచి చూచుట కష్టము. ప్రతి సంఘపు పెద్దలును, అది నేతవారిది గాని, పొదుపువారిది గాని, ప్రార్థన కూటము గాని, సంవత్సరమునకు ఒక్క పర్యాయమైనను కూర్చుండి మూడు ప్రశ్నలు అడుగుకొనుట మేలు. మొదటిది: మన ప్రవేశ నియమము మనిషి పనిని, నడతను అడుగుచున్నదా, పుట్టుకను అడుగుచున్నదా? రెండవది: ధనవంతుడు వచ్చిన నాడు దిగు గడప బీదవాడు వచ్చిన నాడు దిగుచున్నదా? మూడవది: మన సంఘపు పని చేయుచునే మన పట్టీలో పేరు లేనివారు ఎవరు?

మూడవ ప్రశ్నకు జవాబు వెదకుటకు దూరము పోనక్కరలేదు. ఆదివారము ఉదయము మందిరము ఊడ్చి చాప పరచునది ఎవరో చూడుడు. సంఘపు కమిటీలో ఆమె పేరున్నదేమో చూడుడు. చావు వచ్చిన యింటికి మొదట నీళ్లు మోసికొని పోవునది ఎవరో చూడుడు.

పూర్వము యెరూషలేములో అపొస్తలులును పెద్దలును కూడి ఇదే సంగతి విచారించిరి. తరతరముల సున్నతి ఆచారము లేనివారిని సంఘమున చేర్చుకొనవచ్చునా యని. అది వారికి చిన్న ఆచారము కాదు, అబ్రాహాము నాటిది. బహుగా తర్కించిరి. తుదకు క్రొత్తవారిమీద మోయరాని బరువు పెట్టక, కొన్ని అవసరమైన నియమములు మాత్రము విధించిరి. ఆ దినమున ఆ తలుపు మూయబడియుండినచో, నల్లగొండ సీమలో గాని పాలమూరు సీమలో గాని ఒక్క సంఘమైనను ఉండెడిది కాదు. మనమందరమును తెరచిన తలుపుగుండ లోనికి వచ్చినవారమే. వచ్చినవారు వెనుకకు తిరిగి గడియ వేయుట న్యాయమా?

గడప యుండనిండు. అయితే అది పసిబిడ్డ ప్రాకి దాటగలిగినంత యెత్తు మాత్రమే యుండనిండు.